గాట్లు పూడ్చిన బల్ల

చెల్లెలికి చేతులు ఊరుకోవు. మందుల షాపులో పొద్దస్తమానం నిలబడి మాత్రలూ సిరప్పులూ అందించి ఇంటికొచ్చాక మామూలు మనిషైతే కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటుంది. ఈవిడ అలా కాదు. ఖాళీ సీసా కనిపిస్తే దీపం చేస్తుంది. పాత తోలు బెల్టు కనిపిస్తే చేతికి పట్టీ చేస్తుంది. చెవులకి వేలాడే దుద్దులు కూడా సొంత తయారీయే. చెక్కముక్కల్ని గుండ్రంగా అరగదీసి, వార్నిష్ పూసి, కొక్కేలు తగిలించినవి. వాటిని చూసి షాపుకొచ్చిన వాళ్ళు మందుల ధర అడగడం మర్చిపోయి దుద్దులు ఎక్కడ కొన్నారని అడుగుతారు.

"మా మరదలి పక్కన ఎక్కువసేపు కదలకుండా కూర్చోకండి, మీక్కూడా ఓ కోటింగ్ వేసేస్తుంది" అని బావ వచ్చిన వాళ్ళందరికీ ముందే చెప్పి పెడతాడు. ఆయన అక్క భర్త, బస్సు కండక్టరు. ఎవరినీ ఊరికే పోనివ్వడు.

ఇన్ని చేసే మనిషి ఒక్క సూది మాత్రం ముట్టుకోదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

కింద వాటాలో ముందు గది అక్కది. వీధి వైపు కిటికీ, కిటికీ కింద కుట్టు మిషను, గది మధ్యలో కత్తిరింపు బల్ల. ఆ బల్ల వాళ్ళమ్మది. అమ్మ దాని మీదే గుడ్డలు కత్తిరించి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. ఆవిడ పోయాక అక్క అదే బల్ల మీద, అదే కత్తెరతో పని సాగిస్తోంది. చెల్లెలు పై వాటాలో ఉంటుంది. రోజుకి పదిసార్లు ఆ గదిలోంచే మెట్లెక్కి దిగుతుంది.

చెల్లెలు ఆ బల్ల అంచుకి గడ్డం ఆనేంత పొడుగున్నప్పుడు ఓ సంగతి జరిగింది. అమ్మ మంచినీళ్ళు తాగడానికి లోపలికెళ్ళింది. బల్ల మీద కత్తి ఉంది. బల్ల అంచున అప్పటికే చాలా గాట్లున్నాయి. ఈ పిల్ల కత్తి తీసుకుని, నాలుక బయటపెట్టి, తనూ ఓ గాటు పెట్టింది. అది కాస్త వంకరగా, మిగతా గాట్ల వరసకి కిందుగా పడింది. అమ్మ వచ్చి కత్తి లాక్కుంది.

"ఈ చేతులకి నిలకడ లేదు. ఇంకెప్పుడూ బల్ల దగ్గరికి రాకు."

ఆ మాటతో సరి. ఆ తర్వాత బల్ల దగ్గర అక్క నిలబడింది. చెల్లెల్ని బొత్తాలకీ దారపు ఉండలకీ బజారుకి పంపేవారు. అమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు. చెల్లెలు మటుకు ఆ వంకర గాటుని గదిలోంచి వెళ్ళిన ప్రతిసారీ చూసింది. చూసినప్పుడల్లా మొహం వేడెక్కింది.

ఈ ఏడు అక్క కూతురికి కాన్పు వచ్చింది. అక్క పెట్టె సర్దుకుని కూతురింటికి బయల్దేరింది. ఆవిడ బస్సు మలుపు తిరిగిందో లేదో చెల్లెలు కింది గదిలో నిలబడి బల్ల చుట్టూ తిరగడం మొదలెట్టింది. పైన వార్నిష్ అట్టలు కట్టి ఊడిపోతోంది. ఒక మూల నూనె మరక. అంచునిండా గాట్లు.

"బావా, అక్కకి చెప్పకండి. వచ్చేసరికి దీన్ని కొత్తదాన్ని చేస్తా."

"నేనేం చూళ్ళేదు. నేను పొద్దున డ్యూటీకెళ్ళి పొద్దుపోయాక వస్తా. బల్ల దానంతటదే మెరిస్తే నాకేం సంబంధం?" అన్నాడాయన.

బల్ల పని అంటే మాటలు కాదు. ముందు గీకుడుపలకతో పాత వార్నిష్ లేపింది. తర్వాత గరుకు ఉప్పుకాగితం, ఆపైన కాస్త నున్నటిది, ఆపైన ఇంకా నున్నటిది, కర్ర గీత వెంటే రుద్దుకుంటూ పోయింది. మూతికి గుడ్డ కట్టుకున్నా ముక్కులోకి పొట్టు పోయి షాపులో తుమ్ములే తుమ్ములు. తుమ్మినప్పుడల్లా యజమాని జలుబు మందు చూపించేవాడు.

అలా రుద్దగా వచ్చిన పొట్టునే జిగురులో కలిపి లప్పం చేసింది. ఆ పొట్టూ బల్ల కర్రదే కాబట్టి రంగు కలిసిపోతుందని ఆవిడ ఆలోచన. అన్నిటికంటే ముందు తన వంకర గాటు పూడ్చింది. కూరి కూరి, వేలితో అదిమి, పైన నున్నగా దువ్వింది. చిన్నప్పట్నించీ మోస్తున్న బరువేదో దిగినట్టనిపించింది. ఆ ఊపులో మిగతావన్నీ వరసగా పూడ్చేసింది. ఏళ్ళ తరబడి కత్తెర తగిలి పడ్డ దెబ్బలే కదా అనుకుంది.

రంగు పూశాక లప్పం పెట్టిన చోట్లు తెల్లగా తేలాయి. జిగురు రంగుని పీల్చదు. ఇంకొకరైతే పోనీలే అనేవారు. చెల్లెలు సన్నటి కుంచె తీసుకుని, ఒక్కో మచ్చకీ ఒక్కో గీత కలుపుకుంటూ, కర్ర ఎక్కడ ఆగిందో లప్పం ఎక్కడ మొదలైందో తనకే తెలియనంతగా దిద్దింది. ఆపైన వార్నిష్. ఆరనిచ్చి రుద్ది, మళ్ళీ వార్నిష్.

"ఇందులో చూసి గడ్డం గీసుకోవచ్చు" అన్నాడు బావ. ఆయన నోట మెప్పు అంటే అదే.

అక్క వచ్చింది. పెట్టె గుమ్మంలోనే వదిలేసి బల్ల దగ్గరికి నడిచింది. అరచెయ్యి ఆనించి ఈ చివర్నించి ఆ చివరికి జార్చింది.

"ఒసేయ్, ఇది మన బల్లేనా? ఎవరే చేసింది?"

"నేనే."

"ఒక్కదానివే?"

చెల్లెలు తల ఊపింది. అక్క ఆవిణ్ణి దగ్గరికి లాక్కుని, "అమ్మ చూడాల్సింది" అంది. జీవితంలో ఇంతకంటే ఏం కావాలనిపించింది చెల్లెలికి. ఆ సంతోషం సరిగ్గా మర్నాడు పొద్దుటిదాకా ఉంది.

ఆ సాయంత్రమే నర్సమ్మ వచ్చింది. పక్క వీధి ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయి, అక్కకి పాత ఖాతాదారు. ఆదివారం చర్చిలో ఆమె పెళ్ళి. గౌను గుడ్డ పట్టుకొచ్చింది. లేత బంగారు రంగు పట్టు. షాపులో ఆ రంగు అదే ఆఖరి ముక్క అట, ఇంకో మూర కావాలన్నా దొరకదు.

"కొలతలు తీసుకుంటారా?"

"నీ కొలతలు నా దగ్గరే ఉన్నాయిలే, వెళ్ళి పెళ్ళి పనులు చూసుకో" అని పంపేసింది అక్క.

మర్నాడు చెల్లెలు షాపుకి బయల్దేరుతుంటే అక్క బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో అంకెలు లేని ఉత్త తెల్లనాడా. దాన్ని బల్ల అంచున పెట్టి, బొటనవేలితో అదుముతూ జారుస్తోంది. ఆ పని చెల్లెలు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. నాడా ముడతలు తీసుకుంటోందనుకునేది. ఈసారి అక్క బొటనవేలు అంచు చివరిదాకా వెళ్ళింది. వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"గాట్లేవే?"

"పూడ్చేశాగా. ఎంత కష్టపడ్డానో తెలుసా, ఎక్కడున్నాయో నువ్వు చెప్పలేవు."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అరిచినా బాగుండేది.

"అవి కొలతలే. అమ్మ కొలతలు."

అమ్మకి టేపు చదవడం రాదు. మనిషికి నాడా చుట్టి, ఆ నాడాని బల్ల అంచున పెట్టి, ఏ గాటు దాకా వచ్చిందో చూసుకునేది. అక్కకీ అలాగే నేర్పింది. వీధిలో ఎవరి నడుమెంత, ఎవరి భుజమెంత, అంతా అక్క బుర్రలో గాట్ల లెక్కలోనే ఉంది. ఎక్కడ ఎంత వదలాలి, ఎక్కడ ఎంత లోతు తియ్యాలి, అదీ అంతే.

"టేపు పెట్టుకుని చెయ్యొచ్చుగా" అంది చెల్లెలు. గొంతు తనకే వినిపించనంత సన్నగా వచ్చింది.

ఆ రాత్రి అక్క అదీ చేసింది. టేపు పెట్టి, పాత దుప్పటి కత్తిరించి, పైపైన కుట్లు వేసి, చెల్లెలికే తొడిగి చూసింది. భుజాలు ఎలాగో కుదిరాయి. మెడ మాత్రం నోరు తెరుచుకుని జారిపోయింది. రెండోసారి చేస్తే గొంతు పట్టేసింది.

"ఈ గుడ్డ మీద నేను కత్తెర పెట్టలేనే. పాడైతే ఆ పిల్లకి పెళ్ళిగౌను లేదు. నాకు పని లేదు. ఇన్నేళ్ళూ పని వచ్చిందనుకున్నా. బల్లకి వచ్చు, నాకు రాదు."

"నాకొక్క మాట చెప్పలేదేం ఎప్పుడూ?"

"నువ్వడిగావా?"

"అడగడానికి నన్ను బల్ల దగ్గరికి రానిచ్చారా మీరెవరైనా?"

ఇద్దరికీ కోపం వచ్చింది, ఇద్దరికీ ఏడుపొచ్చింది. సమయానికి బావ లోపలికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, "నేనేం చూళ్ళేదు" అని అలాగే బయటికెళ్ళిపోయాడు.

తెల్లారి చెల్లెలు షాపుకి సెలవు పెట్టి కిందికి దిగింది. అక్క పట్టుగుడ్డని మడిచి సంచిలో పెట్టుకుంటోంది, నర్సమ్మకి తిరిగి ఇచ్చెయ్యడానికి. చెల్లెలికి ఏం చెయ్యాలో తెలియక, తన చేతిపని చూసుకునేటప్పుడు ఎప్పుడూ చేసేదే చేసింది. వేలికొసలతో బల్ల అంచు తడుముతూ నడిచింది.

ఒకచోట వేలు ఆగింది.

కంటికి ఏమీ లేదు. వేలికి మాత్రం వెంట్రుకవాసి పల్లం తగిలింది. అదేమిటో ఆవిడకి క్షణంలో తెలిసిపోయింది, సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. లప్పం లోపలికి దిగిపోయింది. గాటు లోతుగా ఉంటే పలచగా వేసి, ఆరాక మళ్ళీ వెయ్యాలి. ఆవిడ ఆత్రం కొద్దీ జిగురు ఎక్కువ కలిపి ఒకేసారి కూరేసింది. అది ఆరేకొద్దీ కుంగింది. ఈ పనిలో ఇంతకంటే చేతగానితనం లేదు. ఇంకెవరైనా చేసి ఉంటే తనే నాలుగు చివాట్లు పెట్టేది.

ఇంకొంచెం ముందుకి జరిగింది. అక్కడా పల్లమే. ఆ తర్వాత కూడా.

"అక్కా, సుద్ద ఇటివ్వు."

"ఎందుకు?"

"ఇవ్వవే ముందు!"

పల్లం తగిలిన చోటల్లా సుద్దతో గీత పెట్టుకుంటూ పోయింది. అక్క వచ్చి తనూ తడిమి చూసింది. ఏళ్ళ తరబడి సూదిపోట్లు తిన్న వేళ్ళు అవి, కొసలు కాయకట్టి ఉన్నాయి.

"నాకేం తగలట్లేదే. ఊరికే పెడుతున్నావా?"

"నాకు తగులుతోంది. నువ్వు పక్కకి జరుగు."

పైకెళ్ళి సన్న ఉలి తెచ్చింది. మొదటి గీత దగ్గర మొన ఆనించి మెల్లగా తోసింది. అంత అపురూపంగా పట్టించిన వార్నిష్ చిట్లింది. కింద లప్పం పొడిపొడిగా రాలింది. అసలు కర్ర తగలగానే ఉలి దానంతటదే ఆగింది. పాత గాటు ఉన్నదున్నట్టు బయటపడింది. రెండోది తెరిచాక అక్క నాడా పెట్టి బొటనవేలు జార్చింది. వేలు టక్కున గాట్లో పడింది.

"ఇదే. ఇది నర్సమ్మ భుజం."

ఇక చెల్లెలు ఆగలేదు. వరసంతా తెరిచింది. అద్దంలాంటి అంచు ఎలుకలు కొరికినట్టయింది. ఆవిడకి అది బాధగా ఉందా అంటే ఉంది. అయినా చెయ్యి ఆపలేదు. చివరికి సుద్దగీత ఒక్కటి మిగిలింది, వరసకి కిందుగా. దాన్ని వేలితో చెరిపేసి ఉలి కింద పెట్టింది.

"అయిపోయాయి."

"అదెందుకు చెరిపావు?"

"అది కొలత కాదులే. అది నాది. చిన్నప్పుడు గీసి అమ్మ చేత తిట్లు తిన్నా."

అక్క మొహం అదోలా అయింది.

"అన్నిటికంటే ముందు అది కావాలే నాకు. మెడ దాని మీదే తీస్తాం."

చెల్లెలికి అర్థం కాలేదు.

"అంతకుముందు అమ్మ తీసే మెడ గొంతుకి పట్టేసేది. నువ్వది గీసి తిట్లు తిన్న తర్వాత, ఏమనిపించిందో ఏమో, ఓసారి నాడా దాని దాకా పెట్టి కోసి చూసింది. మెడ చక్కగా భుజాల మీద కూర్చుంది. ఆ రోజునించి అమ్మ కుట్టిన ప్రతి గౌనుకీ ఆ మెడే. 'చిన్నదాని గాటు' అనేది. 'చిన్నదాని గాటు దాకా పెట్టవే' అని నాకు చెప్పేది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"తిట్టిన నోటితో ఎలా చెబుతుంది? అమ్మ సంగతి నీకు తెలీదా."

"మరి నువ్వు?"

అక్క కిటికీ వైపు చూసింది. తర్వాత తిన్నగా చెల్లెలి మొహంలోకే చూసింది.

"నాకు కుళ్ళు. వీధివీధంతా మీ దగ్గర మెడ బాగా కుదురుతుందండీ అంటుంటే, అది నా చెయ్యి కాదు, మా చెల్లెలిదీ అనడానికి నోరు రాలేదు."

చెల్లెలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బొత్తాలకి బజారుకి పరుగెత్తిన ఆ రోజులన్నిటా, ఆ గదిలోంచి బయటికెళ్ళిన ప్రతి గౌనులో తనుంది. ఎవరి మీద కోప్పడాలో వెతుక్కుంది. ఒకరు పోయారు, రెండోవారు ఎదురుగా నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటున్నారు. ఉలి చేతిలోకి తీసుకుంది.

"వంకర అలాగే ఉంచవే" అంది అక్క కంగారుగా. "సరిచేశావంటే మెడ పాడైపోతుంది."

వంకర అలాగే వచ్చింది. అక్క సంచిలోంచి పట్టుగుడ్డ తీసి బల్ల మీద పరిచింది. నడుము గీసింది, భుజాలు గీసింది. మెడ దగ్గరికొచ్చాక ఆగి, నాడానీ సుద్దనీ చెల్లెలి ముందుకి తోసింది.

"నువ్వు గియ్యి."

చెల్లెలు చేతులకంటిన పొట్టు శుభ్రంగా కడుక్కుని వచ్చి, నాడాని తన గాటు దాకా పెట్టి, మెడ గీసింది.