గుండీలు కుట్టిన పాస్టరుగారు

పాస్టరుగారి గొంతంటే ఆ వీధికి హడలు. మైకు లేకుండానే మలుపు దాకా వినిపించేది. మైకు పెడితే ఇక చెప్పనే అక్కర్లేదు. మిషన్ వాళ్ళు ఆయన్ని ఆ ఫ్యాక్టరీ వీధికి పంపి కొన్నేళ్ళయింది. రొట్టెల కొట్టు మీది అద్దె గదిలో ఆదివారం కూడిక పెడితే వచ్చేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. అందుకే సాయంత్రాలు వీధి మొదట్లో నిలబడి, షిఫ్టు దిగి ఇళ్ళకు పోయేవాళ్ళకు వాక్యం చెప్పేవారు. జనం తలలు వంచుకుని దాటిపోయేవారు. ఆయన ఇంకాస్త గొంతు పెంచేవారు.

అలా పెంచగా పెంచగా ఒక రోజు గొంతే పోయింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, లోపల కాయలా చిన్న గడ్డ ఉందని ఆపరేషన్ చేసింది.

"గుసగుసలు కూడా వద్దు. నేను చెప్పేదాకా నోటికి తాళం వేసుకోండి. లేదంటే ఉన్న గొంతు కూడా దక్కదు" అని గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చి ఆయన మంచం మీద కూలబడ్డారు. మాట లేని మిషనరీ ఎవరికి కావాలి? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భార్య వేడి పాలు తెచ్చి పక్కన కూర్చుంది.

"ఏమండీ, ఇన్నేళ్ళూ దేవుడి సంగతి ఈ వీధికి చెప్పారు. ఈ వీధి సంగతి దేవుడికి ఎప్పుడైనా చెప్పారా? ఆయనకి చెవుడు లేదులెండి, మీరు అరవక్కర్లేదు" అంది.

ఆ సాయంత్రం ఆయన మోకరించారు. కూడిక గది కింద ఉన్న రొట్టెల కొట్టతనితో మొదలుపెట్టారు. ప్రభువా, ఇతన్ని దీవించు. ఆ తర్వాత? ఇతనికి పిల్లలున్నారా? ఒంట్లో బాగుంటుందా? రాత్రుళ్ళు దేనికి బెంగపడతాడు? ఏమీ తెలియదు. ఎదురింటి వాళ్ళ దగ్గరికి వస్తే అదీ అంతే. ఏళ్ళ తరబడి ఈ మనుషుల కోసమే బతుకుతున్నాననుకున్నారు. తీరా దేవుడి ముందుకు వస్తే వాళ్ళ గురించి అడగడానికి ఒక్క ముక్క కూడా లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అడగాలంటే ముందు తెలుసుకోవాలి కదా అనుకుని లేచారు.

మర్నాడు వీధిలోకి వెళ్ళారు. వీధి మధ్యలో దర్జీ కొట్టు ఉంది. ఆ దర్జీని అందరూ చాటుగా 'కత్తెర' అనేవారు. అది చేతిలో ఉన్న కత్తెరను చూసి పెట్టిన పేరు కాదు, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టింది. పాస్టరుగారు కనిపిస్తే సగం షట్టరు దించేసే మనిషి. ఆయన గొంతు మీద చెయ్యి పెట్టి, మాట్లాడలేనని సైగ చేస్తే కిందికీ మీదికీ చూశాడు.

"నిజంగానా? ఒక్క మాట కూడా రాదా? అయితే రండి, కూర్చోండి. ఇన్నాళ్ళకి మిమ్మల్ని భరించే వీలు దొరికింది!"

పాస్టరుగారు శబ్దం లేకుండా నవ్వారు. దర్జీ ఒక సూదీ, చొక్కాల కట్టా ఆయన ఒళ్ళో పడేశాడు.

"ఊరికే కూర్చోకుండా గుండీలు కుట్టండి."

అలా రోజూ వెళ్ళడం మొదలైంది. దర్జీకి కుట్టుమిషను తొక్కుతూ మాట్లాడటం అలవాటు. ఎదురు మాట్లాడని శ్రోత దొరికేసరికి ఇక ఆగలేదు. ఈ చొక్కా గోదాము కాపలాదారుడిది, మనిషి చిక్కిపోతున్నాడని మళ్ళీ నడుం తగ్గించాల్సి వచ్చింది. ఈ ప్యాంటు బస్సు డ్రైవరుది, తమ్ముడితో మాటల్లేవు. పాస్టరుగారు ఒక్కో గుండీ కుడుతూ ఆ చొక్కా తొడుక్కునే మనిషి కోసం మనసులోనే ప్రార్థించేవారు. గుండీలు వంకరగా వచ్చేవి. దర్జీ తిట్టుకుంటూ విప్పి మళ్ళీ కుట్టేవాడు.

కొట్టు వెనక గదిలో దర్జీ భార్య మంచం పట్టి ఉంది. తలుపు సందులోంచి ఒక రోజు ఆమె అడిగింది.

"ఆయన పెదాలు కదులుతున్నాయేంటి? ఎవరితో మాట్లాడుతున్నారు?"

దర్జీ వెనక్కి తిరిగి చూశాడు. పాస్టరుగారు చూపుడువేలు పైకి చూపించారు.

"లోపలికి రమ్మనవయ్యా" అందామె.

దర్జీ మొహం గంటు పెట్టుకున్నాడు. "మీ మైకు మోగినప్పుడల్లా ఇది చెవుల మీద దిండు పెట్టుకునేది, తెలుసా?" అంటూనే తలుపు తీశాడు.

పాస్టరుగారు చేతులు జోడించి తల వంచారు.

"పోనివ్వండి బాబూ, ఇప్పుడు తీరింది కదా" అని ఆమె నవ్వింది. భర్త మిషను దగ్గరికి వెళ్ళాక గొంతు తగ్గించింది. "నాకు బాగవ్వాలని అడక్కండి. డాక్టర్లు చెప్పింది నాకు తెలుసు. ఆయన కోసం అడగండి. కోపిష్టి మనిషి, స్నేహితుడంటూ ఒక్కడు లేడు. నేను పోతే తిన్నావా అని అడిగే దిక్కుండదు."

పాస్టరుగారు మంచం పక్కన మోకరించారు. ఎంతకీ లేవలేదు. అవతల మిషను చప్పుడు ఆగిపోయిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

ఆ రోజు నుంచి పాస్టరుగారి భార్య కూడా వచ్చి ఆమెకు జడ వేసేది, కబుర్లు చెప్పేది. చలి తగ్గే రోజుల్లో దర్జీ భార్య నిద్రలోనే కన్నుమూసింది.

కొట్టు మూతపడింది. ఎవరు తలుపు తట్టినా దర్జీ కసిరి పంపేశాడు. ఆ వారమే డాక్టరమ్మ పాస్టరుగారిని మాట్లాడవచ్చంది, మెల్లగా, కొద్దిగా. ఆయన ఆసుపత్రి నుంచి నేరుగా దర్జీ ఇంటికి వెళ్ళారు.

"అన్నా, తిన్నావా?" అన్నారు తలుపు బయట నిలబడి. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది, బొంగురుగా, సన్నగా.

చాలాసేపటికి గడియ చప్పుడైంది. దర్జీ గడ్డం మాసి, కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆ రోజు అది మిమ్మల్ని ఏం అడగమంది?"

పాస్టరుగారు చెప్పారు. దర్జీ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పాస్టరుగారు పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంకా అడుగుతున్నారా?"

"రోజూ అడుగుతున్నాను అన్నా. లే, మా ఇంటికి వెళ్దాం. మా ఆవిడ వండి పెట్టి ఎదురు చూస్తోంది."

మైకు మళ్ళీ బయటికి రాలేదు. ఆ గొంతుకు అది సాయపడేదే, కానీ ఆయనకు అవసరం అనిపించలేదు. కొట్టు తెరిచాక వారానికోసారి కత్తిరింపుల బల్ల చుట్టూ కొందరు కూడేవారు. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకునేవారు, పాస్టరుగారు ప్రార్థించేవారు. కాపలాదారుడు వచ్చాడు, డ్రైవరు వచ్చాడు. మెల్లగా ఆదివారాలు రొట్టెల కొట్టు మీది గదిలో కుర్చీలు చాలలేదు. దర్జీ మాత్రం మిషను ముందు నుంచి కదలకుండా వినేవాడు.

ఒకసారి పాస్టరుగారికి జ్వరం వచ్చి రాలేకపోయారు. ఆ రోజు ఎవరికీ తెలియని ఒకావిడ వచ్చింది. కొడుకు ఊరొదిలి వెళ్ళాడని, కబురు లేదని చెప్పి ఏడ్చింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దర్జీ మిషను ఆపి లేచి, ఆమె ముందు నిలబడ్డాడు.

"ప్రభువా, నాకిది కొత్త. తప్పులుంటే సర్దుకో. ఈ అమ్మ కొడుకు ఎక్కడున్నాడో నీకు తెలుసు, మాకు తెలీదు. వాడు తిన్నాడో లేదో చూడు. ఇంటికి పంపు. పంపేదాకా ఈ అమ్మకి తోడుండు. మేమూ ఉంటాం." ఎలా ముగించాలో తోచక, "అంతే" అన్నాడు.

"ఆమెన్" అన్నారందరూ.

ఆ కూడికకు వెళ్ళిన పాస్టరుగారి భార్య ఇంటికొచ్చి జరిగినదంతా చెప్పింది. ఆయన దుప్పటి తొలగించి లేచి కూర్చున్నారు.

"ఆ అబ్బాయి పేరేమిటట?" అని అడిగి తెలుసుకుని, కళ్ళు మూసుకున్నారు.