దేవకమ్మ లైసెన్సు

పదకొండు కొట్టేలోగా గురుస్వామి నలుగురి లైసెన్సులు తీసేశాడు. తీయమని వచ్చిన జాబితాలో ఐదో పేరు దగ్గర చెయ్యి ఆగింది. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. పేరు మారలేదు. దేవకమ్మ, పాలకేంద్రం, సీతారామపురం.

ఆత్మకూరు బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మీది అంతస్తులో ఉంది ఆ పాల కంపెనీ ఆఫీసు. యాభై నాలుగేళ్ల గురుస్వామి అందులో చేసే పనేమిటో ఉదయగిరిలో ఉండే సొంత అక్కకు కూడా ఈనాటికీ అర్థం కాలేదు. నిజానికి చిన్న సంగతే. కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ కొన్నది. కోడు రాయడం రానివాళ్లు కూడా అందులో గడులూ బటన్లూ పేర్చుకుని, తమకు కావలసిన యాప్ తామే తయారుచేసుకోవచ్చు. వాడే ప్రతి మనిషికీ ఒక లైసెన్సు ఉండాలి. ఉన్నవి అరవై, అడిగేవాళ్లు తొంభై మంది. ఎవరికివ్వాలో, ఎవరి దగ్గర వెనక్కి తీసుకోవాలో, ఏ యాప్ ఉండాలో, ఏది పోవాలో చూసేది గురుస్వామి. ఇచ్చినప్పుడు థాంక్స్ చెప్పే నాథుడు లేడు గానీ, తీసినప్పుడు మాత్రం తిట్లకు కరువుండదు.

జలదంకి సూపర్‌వైజర్ రాఘవ ఒకసారి సెలవుచీటీల యాప్ చేసి, పొరపాటున దాన్ని అందరికీ తెరిచిపెట్టాడు. ఎవరికి మొలలో, ఎవరు పెళ్లిచూపులకు పోతున్నారో కంపెనీ మొత్తం చదువుకుని వారం రోజులు నవ్వింది. ఆ దెబ్బతో గురుస్వామి నిబంధనలు రాయడం మొదలుపెట్టాడు. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి. అన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తాడు. ఒక్కటి మాత్రం రెండేళ్లుగా చూసీ చూడనట్టు వదిలేస్తున్నాడు.

బక్క మనిషి. తెర వైపు వంగి వంగి మెడ ముందుకు పొడుచుకొచ్చింది. బల్ల అంచు ఒరుసుకుని కుడి మణికట్టు కింద నల్లగా కాయ కాచింది. పెళ్లి మాట రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ తనకేం పట్టనట్టు వెళ్లిపోయింది. సోమశిల రోడ్డులో ఒక అద్దె గది, అందులో ఒక స్టవ్వు, ఒక కంచం. పండక్కి పలకరించేవాళ్లున్నారు గానీ, మామూలు రోజున పలకరించేవాళ్లు లేరు.

అతను సొంతంగా చేసిన యాప్ ఒకే ఒక్కటి. దాని పేరు ‘చేరినాను’. మెట్ట పల్లెల్లో ఒంటరిగా తిరిగే సిబ్బంది సాయంత్రం ఇల్లు చేరగానే బటన్ నొక్కితే వాళ్ల పేరు పచ్చబడుతుంది. సెలవులో ఉంటే పక్కనున్న బటన్ నొక్కాలి, పేరు పసుపవుతుంది. ఏదీ నొక్కకపోతే ఎర్రగా ఉండిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి. మొదట్లో ఇరవై మంది వాడారు. వాట్సాప్ గ్రూపు వచ్చాక ఇద్దరు మిగిలారు, దేవకమ్మ, గురుస్వామి. ఐదుగురికి తక్కువైతే యాప్ మూసేయాలన్నది అతను వదిలేస్తున్న ఆ నిబంధన.

నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం దేవకమ్మ పేరు ఎర్రగా ఉండిపోతే అతనే ఫోన్ చేశాడు. వాగు దగ్గర కాలు జారి పడి, లేవలేక ఉందామె. నాలుగు చోట్లకు ఫోన్లు చేసి మనుషుల్ని పంపించాడు. మరుసటేడు అతను జ్వరంతో పడుకుంటే ఆమె నుంచి ఫోన్.

“ఏంది సార్, మీ పేరు ఎర్రగా ఉండాది? బాగుండారా? అన్నం తిన్నారా?”

“రోజూ నీ పేరు పచ్చబడినాకే పొయ్యి వెలిగిస్తానమ్మా,” అన్నాడు, జ్వరంలో నోరు జారి. ఫోన్ పెట్టేశాక దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాడు. తాను ఇల్లు చేరాడో లేదో చూసే మనిషి లోకంలో ఒకరున్నారు! ఆమెను చూసింది ఒక్కసారే, ట్రైనింగులో. ఆ తర్వాత మాటలు కూడా లేవు. రోజూ ఏడూ పదికి ఆమె పేరు పచ్చబడితే చాలు.

సోమవారం నుంచి ఆ పేరు పసుపుగా ఉంటోంది. మూడు రోజులు వరసగా సెలవు. ఒంట్లో బాగాలేదేమోనని మనసు పీకుతూనే ఉంది. ఊరికే ఫోన్ చేస్తే ఏమనుకుంటుందోనని ఆగాడు.

మధ్యాహ్నం నెల్లూరు నుంచి మేనేజర్ కోటేశ్వర్ ఫోన్ చేశాడు. “గురుస్వామి గారూ, ఐదు తీయమంటే నాలుగే తీసినారే? ఇద్దరు వాడే యాప్ దేనికండీ? రూలు రాసింది మీరే కదా.”

“తీసేముందు మనిషికి చెప్పాలని కూడా రాసినాను సార్.”

“అయితే చెప్పండి. ఈ పొద్దుకు అయిపోవాల.”

ఆమెకు ఫోన్ చేయడానికి ఒక కారణం దొరికినందుకు, పాపం, అతనికి కాస్త సంతోషం కూడా కలిగింది.

పలికింది వేరే గొంతు. వెనక పాలక్యాన్ల చప్పుడు. దేవకమ్మ ఉందా అని అడిగాడు.

“మీరు ఆత్మకూరు సారా? నేను మస్తాన్బీని సార్. కేంద్రంలో ఇప్పుడు నేనే ఉండాను. దేవకమ్మక్క చచ్చిపోయి ఏడు నెలలైంది సార్. కిడ్నీలు పోయినాయి.”

గురుస్వామి తెర మీది పసుపు పేరును మళ్లీ చూశాడు. కాంట్రాక్టు మనుషులు పోతే ఆ కాగితం అతని బల్ల దాకా రాదు. “మరి... రోజూ బటన్ నొక్కేది?”

“నేనే సార్. తప్పా? నెల్లూరు ఆస్పత్రికి పోయే రోజు అక్క ఈ ఫోన్ నా చేతికిచ్చింది. ఏడూ పదికి నొక్కు మస్తానీ, లేకుంటే ఆ సారు అన్నం తినకుండా కూర్చుంటాడు అనింది. నాకు చదువు రాదు కదా, యాడ నొక్కాలో తెలవాలని నొసటి బొట్టు తీసి ఫోన్ అద్దానికి అంటించింది. ఆ బొట్టు మీదనే నొక్కుతుండాను.”

సోమవారం నాడు, ముఖ్యమైన బటన్ కుడివైపే ఉండాలని పై ఆఫీసు చెబితే, రెండు బటన్ల చోట్లూ మార్చింది తానే. బొట్టు కిందికి ‘సెలవు’ వచ్చింది. అంతే.

ఆమె పోయిన రోజున కూడా పేరు పచ్చబడే ఉంటుంది. తాను కడుపునిండా తిని పడుకునే ఉంటాడు. అది తలచుకుని అతనికి సిగ్గేసింది.

“ఇంక నొక్కొద్దా సార్?” అంది మస్తాన్బీ.

ఒకరి లైసెన్సు మరొకరు వాడితే ఆ రోజే తీసేయాలి. ఏడో నిబంధన. దాని కింద ఇప్పటికి పదకొండు మందికి తీశాడు.

“ఈ ఒక్క పొద్దుకు నొక్కమ్మా,” అన్నాడు.

ఆరింటికి ఆఫీసు ఖాళీ అయింది. గురుస్వామి బటన్లను పాత చోట్లకు జరిపాడు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడూ పదికి దేవకమ్మ పేరు పచ్చబడింది. చాలాసేపు చూశాడు. చూసి, ఆ పేరు తీసేశాడు. నిజంగా తీసేయాలా అని సాఫ్ట్‌వేర్ ఇంకోసారి అడిగింది. అవునన్నాడు. ఆ తర్వాత యాప్ కూడా మూసేసి, దీపాలార్పి, మెట్లు దిగి గదికి నడిచాడు. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

సీతారామపురంలో మస్తాన్బీ క్యాన్లు కడిగి బోర్లించి, ఫోన్‌ను గోడ మేకుకున్న గుడ్డ సంచిలో పెట్టబోయింది. లైసెన్సు పోవడంతో తెర పాస్‌వర్డ్ అడుగుతోంది. చదవడం రాక ఆమె అలాగే చూస్తుంటే కాసేపటికి తెర వెలుగు ఆరి అద్దం నల్లబడింది. దాని మీద, ఏడు నెలల వేలి రాపిడికి అంచులు అరిగిన దేవకమ్మ ఎర్రబొట్టు అంటుకునే ఉంది.