తడిగుడ్డ చుట్టని వాల్వులు

తడి గోనెగుడ్డను వాల్వుకు మూడు చుట్లు చుట్టి, పైన బంకమట్టి మెత్తి, ఆగయ్య గ్యాస్ టార్చ్ అంటించాడు. రాగిపైపు ఎర్రబడుతుంటే ఎడమచేతి బొటనవేలు వాల్వు మీదే ఉంచాడు. వేలు ఓర్చుకున్నంతసేపే మంట. చురుక్కుమందా, టార్చ్ పక్కకు తీసి గుడ్డ మీద మళ్లీ నీళ్లు పోయాలి. లోపలి రబ్బరు వాషర్ మాడిందంటే ఆ వాల్వు ఎందుకూ పనికిరాదు. ముప్పై ఏళ్లుగా ఇలా కాల్చుకుని వేళ్ల గీతలు చెరిగిపోయాయి. కోరుట్ల రేషన్ దుకాణంలో వేలిముద్రల మిషన్ ఆయన్ని మనిషిగానే ఒప్పుకోదు.

జగిత్యాలలో కొత్త దవాఖాన అది. పిల్లల వార్డుకు ఆక్సిజన్ లైను వేస్తున్నారు. రేపే ప్రారంభం.

"ఆగన్నా, గీ మట్టి పూసుడేంది? బొమ్మలు చేస్తున్నవా?" కాంట్రాక్టర్ సంతోష్ గుమ్మంలోంచి అరిచాడు. "మన ఇంకో వెల్డర్ జితేందర్ నిన్న ఒక్క గంటల ఐదు వాల్వులు అతికిండు!"

ఆగయ్య లేచి ఆ ఐదింటినీ చూశాడు. మట్టి మరక లేదు. అన్నింటి రంగూ మాడి పొక్కులు లేచింది. ఆయనకు ఒళ్లు మండిపోయింది. కరోనా వచ్చిన ఏడాది భార్య ముత్తవ్వ ఇలాంటి గొట్టం మీదే పదకొండు రోజులు బతికింది. పన్నెండోనాడు గాలి అందలేదు. ఎవరినడిగినా లైను బాగానే ఉందన్నారు, దొంగలు!

"తడిగుడ్డ లేకుండ కాల్చిండ్రు. లోపల వాషర్లు మాడినయి. ఇయ్యాల ఆగుతది, నెలకు కారుతది. పోరగాండ్లకు గాలి అందకపోతే నువ్వు ఊదుతవా?"

"టెస్టింగ్ పాసైంది. నీ పని నువ్వు చూస్కో."

"గిదే నా పని."

ఇంకా గ్యాస్ ఎక్కించని లైను అది. ఆగయ్య కట్టర్ బిగించి మొదటి వాల్వును కోసి పడేశాడు. రెండోది కోస్తుంటే సంతోష్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆగయ్య ఆ చేతిని విదిలించి కొట్టాడు.

"నడువ్ బయటికి! మళ్ల నీ మొఖం చూపియ్యకు!"

"నీ మొఖం నేనే చూడ. సిగ్గుండాలె!"

మిగతావన్నీ కోసేదాకా ఆగయ్య కదల్లేదు. ఒకదాన్ని పానాతో విప్పి, లోపలి వాషర్‌ను బయటికి లాగాడు. సంతోష్ దానివైపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి, ఐదు కొత్త వాల్వులు ఇప్పుడే పంపమని ఎవరిమీదో కేకలేశాడు.

ఆగయ్య సామాను సర్దుకుని కోరుట్ల బస్సెక్కాడు. వార్డులో, ఇంకా ప్లాస్టిక్ కవరు తీయని చిన్న మంచం మీద, మాడి వంకరపోయిన నల్లటి రబ్బరు వాషర్ పడి ఉంది.