ఒదగాకి గారి బదులు కానుక

ఇల్లు చౌకగా వస్తోందంటే ముందు పక్కింటి వైపు చూడాలి. ఆ పాటి బుద్ధి నాకు లేకపోయింది. పుట్టబోయే బిడ్డ కోసమని ఒసాకాలో అపార్ట్‌మెంట్ వదిలేసి, ఈ కొండవాలు ఊళ్లో ఇల్లు కొన్నాం. పక్కనే ఒదగాకి గారి ఇల్లు. అందులో మనుషులు లేరు, తలుపులు లేవు, ఉన్నదల్లా వెదురే. ఆ వెదురు వేళ్లు గోడ కిందనుంచి పాకొచ్చి, ఓ పొద్దున బిడ్డ కోసం సర్దిన గదిలో చాపను పైకి లేపాయి.

నా భార్య చిగుసాకి ఏడో నెల. చాప చీల్చుకుని లేచిన మొలకను కాసేపు చూసింది.

"ఈ వెదురు పోతేనే నేనిక్కడ ఉండేది. లేదంటే కాన్పుకి మా అమ్మ దగ్గరికి పోతా. బిడ్డ పుట్టాక మళ్లీ రాను," అంది.

అన్నంత పనీ చేసే మనిషి. 

నగర కార్యాలయానికి పరిగెత్తాను. ఆ ఇంటి వారసుల కోసం వెతుకుతున్నాం, ఈలోగా పరాయి స్థలంలో చెయ్యి పెట్టొద్దన్నారు. ఇక మిగిలింది మా వాడ సంఘం. దాని అధ్యక్షుడు టొకొనామి గారు నా మాట ఓపిగ్గా విన్నారు.

"దేనికైనా ఓ పద్ధతుంది నరుసె గారూ. ముందు మీ ఇళ్ల వరస పెద్దకి చెప్పుకోవాలి."

"మా వరస పెద్ద ఎవరండీ?"

"ఇంటింటికీ మారుతూ వస్తుంది కదా. ఈ ఏడు ఒదగాకి గారి వంతు."

"ఆ ఇంట్లో ఎవరూ లేరు కదండీ?"

"లేరని వంతు దాటేస్తామా? రేపు మీ ఇల్లు దాటేస్తే మీకెలా ఉంటుంది?"



సమావేశం ఎప్పుడూ వరస పెద్ద ఇంట్లోనే జరగాలి. ఆదివారం పొద్దున అందరం ఆ పాడుబడ్డ ఇంటి ముందు చెప్పులు విడిచి, విరిగిన పలకలు తప్పించుకుంటూ లోపలికెళ్లి కూర్చున్నాం. పెద్ద స్థానంలో ఖాళీ మెత్త వేసి, దాని ముందు టీ కూడా పెట్టారు. నేను ఆ మెత్తకి వంగి నమస్కరించి నా గోడు వెళ్లబోసుకున్నాను. అందరూ మెత్త వైపు చూశారు. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.

చివరికి టొకొనామి గారు గొంతు సవరించుకున్నారు. "పెద్దాయన ఇబ్బంది పడుతున్నట్టున్నారు. ఇవాళ్టికి వదిలేద్దాం."

అందరూ తలలూపారు. మాలో ఎవరూ కాదని నోటితో అనరు, ఎదుటివాళ్లే గ్రహించుకోవాలి. ఆ లెక్కన ఒదగాకి గారంత మర్యాదస్తుడు వాడలో ఇంకొకరు లేరు.

బయటికొస్తుంటే, మాకు అటువైపు ఇంట్లో ఉండే హిరుకావా మామ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది.

"ఆయన కోపం వెదురు గురించి కాదు నాయనా. మీరు ఇంట్లో దిగిన రోజున చుట్టుపక్కల వాళ్లకి తువ్వాళ్లిచ్చి పలకరించారా?"

"మీకూ ఇచ్చాం కదా మామ్మగారూ."

"నాకిచ్చారు. ఎదురింటికిచ్చారు. గోడ పక్కాయన్ని మాత్రం పూచికపుల్లలా తీసిపారేశారు. ఇప్పుడేమో పని పడిందని వచ్చారు. ఆయనకి మాత్రం మనసుండదా?"

నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లి చెప్తే చిగుసా పడీపడీ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నిజమే. తప్పు మనదే," అంది.

తువ్వాలుకి కాగితం చుట్టి, అంత పొట్టతో రాళ్ల మీదుగా నడిచి, తలుపు లేని గుమ్మం ముందు ఒంగగలిగినంతా ఒంగింది.

"ఆలస్యంగా వచ్చాం, మన్నించండి. బిడ్డ పుట్టాక రాత్రిళ్లు ఏడుపు వినబడుతుందేమో, కాస్త ఓర్చుకోండి," అని తువ్వాలు గుమ్మంలో పెట్టింది. నాకు నవ్వొచ్చింది గానీ, ఆమె మొహం చూశాక సిగ్గేసింది.

మర్నాటికి తువ్వాలు అక్కడ లేదు. హిరుకావా మామ్మ మెడలో కొత్త తువ్వాలు కనబడింది. నేను అడగలేదు.

ఆ సాయంత్రం టొకొనామి గారు స్వయంగా మా ఇంటికొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"తువ్వాలు పుచ్చుకున్నారటగా. ఇక బదులు కానుక ఇవ్వకపోతే ఆయనకే చిన్నతనం. ఇంట్లో మాత్రం ఏముంది పాపం, వెదురు తప్ప?"

"అంటే?"

"మొత్తం మీకే. వద్దనకండి, నొచ్చుకుంటారు."

"మరి నగర కార్యాలయం?"

"ఇచ్చిన కానుక తెచ్చుకోడానికి అనుమతేంటండీ?"

తర్వాతి ఆదివారం మా వరస వాళ్లంతా రంపాలతో దిగారు. వెదురు నరికి, వేళ్లు మళ్లీ రాకుండా గోడ వెంట కందకం తవ్వి రేకులు దించారు. మధ్యాహ్నానికి బిడ్డ గదిలోకి ఎండ వచ్చింది.

అందరూ వెళ్లాక చిగుసా వాళ్లమ్మకి ఫోన్ చేసింది. నేను బియ్యం కడుగుతున్నానన్న మాటే గానీ, చెవులు అటే ఉన్నాయి.

"లేదమ్మా, నేను రావట్లేదు. కాన్పుకి నువ్వే ఇక్కడికి రా. పక్కింటాయన మా కోసం ఇంత చేశాక, ముఖం చాటేసి వచ్చేస్తే ఏం బాగుంటుంది?"

నా చేతులు ఆగిపోయాయి. ఆయన ఎలాంటి మనిషని వాళ్లమ్మ అడిగినట్టుంది. చిగుసా కిటికీలోంచి, కప్పు సగం కూలిన ఆ ఇంటి వైపు చూసింది.

"చాలా మంచాయనమ్మా. కాస్త మాట తక్కువ, అంతే."