ఇరవై ఏడు దాకా

మా మేడ మీద ధబధబ చప్పుడంటే ఒకప్పుడు నాకు ఒళ్లుమంట. కింద నా కుట్టు దుకాణం, పైన మా కాపురం. మా పిడుగు బడి నుంచి రాగానే సంచీ విసిరేసి స్కిప్పింగ్ తాడు అందుకునేది. నా నెత్తి మీద సున్నం రాలేది. "ఇల్లు కూల్చకే తల్లీ, మనది కాదు" అని కింద నుంచి అరిచేదాన్ని. పదకొండేళ్ల పిల్ల, నా మాట చెవిన పెట్టేది కాదు. తర్వాత ఏడు నెలలు ఆ సున్నం రాలలేదు. రాలి ఉంటే కళ్లకద్దుకునేదాన్ని.

తప్పు నాదే. చెప్పుకోవడానికి సిగ్గు, అయినా చెబుతాను. బడిలో పిల్లల బరువులు చూసి, మా పిడుగు వయసుకు మించిన బరువుందని చీటీ పంపారు. అది చదవగానే నాలో దర్జీ లేచి కూర్చుంది. "రోజూ రెండు వందల గంతులు వెయ్యి. ఆదివారం ఆదివారం నడుం కొలుస్తాను. అంగుళం తగ్గితే కొత్త గౌను" అన్నాను. అంతవరకూ పిల్ల సరదాకి ఎగిరేది. ఆ రోజు నుంచి ఎగరడం దానికి హోంవర్కయింది.

మా దుకాణంలో కొలతలకు ఒక పద్ధతుంది. నేను టేపు పట్టి పైకి చెబుతాను, పక్క మిషన్ చెల్లెలు పుస్తకంలో రాసుకుంటుంది. చెల్లెలంటే రక్తసంబంధం కాదు, పదేళ్ల పని సంబంధం. మిషన్ల మోతలో వినపడాలని అరిచి అరిచి నా గొంతు మైకులా తయారైంది. ఒక ఆదివారం దుకాణం జనంతో కిక్కిరిసి ఉండగా పిడుగును పిలిచి టేపు చుట్టాను. అలవాటు చొప్పున నోరు తెరిచాను.

"నడుం ఇరవై ఎనిమిది. తగ్గలేదు, పైగా అర అంగుళం పెరిగింది."

బల్ల దగ్గర దాని తరగతి పిల్ల వాళ్లమ్మతో నిలబడి ఉంది. కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను, అదీ నా తెలివి. పిడుగు టేపు తీసేదాకా నిలబడి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఉక్కపోతలోనూ స్వెటర్ విప్పలేదు. బడి వేళకు కడుపునొప్పి. ఎవరైనా చూస్తుంటే ముద్ద దిగదు. సాయంత్రం కాగానే గోడవైపు తిరిగి పడుకునేది. పిల్ల కళ్లెదుటే ఉంది, అయినా ఊరెళ్లిన వాళ్ల మీద పెట్టుకున్నట్టు దాని మీద బెంగపెట్టుకున్నాను.

"కొలవకండి. ఆడుకోనివ్వండి" అంది డాక్టరమ్మ. కొలవడం మానేశాను. కొత్త తాడు కొన్నాను, పక్కింటి పిల్లల్ని బతిమాలి పిలిచాను. నా పాచిక ఒక్కటీ పారలేదు.

పోయిన వారం ఒక సాయంత్రం పైన చప్పుడైంది. నా కాలు పెడల్ మీదే ఆగిపోయింది. లెక్కపెట్టాను. ఇరవై ఏడు గంతులకు ఆగింది. మళ్లీ మొదలైంది, మళ్లీ ఇరవై ఏడే. నాలుగు రోజులు అదే వరస. రెండు వందలు ఊదిపారేసే పిల్లకు ఏమైందోనని మంచినీళ్లు పట్టుకుని పైకెళ్లాను. నన్ను చూడగానే తాడు వదిలేసి, రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది.

"ఆయాసంగా ఉందా అమ్మా?"

"లేదు."

"మరి ఇరవై ఏడు దగ్గరే ఆపేస్తున్నావేం?"

కింద పడ్డ తాడును కాలి బొటనవేలితో నెట్టింది.

"ఆ తర్వాతి అంకె నీ గొంతుతో వినిపిస్తుందమ్మా. కాళ్లు తడబడతాయి."

"తప్పయిపోయిందే తల్లీ. నా నోరు పడిపోను" అన్నాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా, "పోనీ, వంద నుంచి కిందికి లెక్కపెట్టుకో" అన్నాను.

"అప్పుడూ వస్తుంది కదా."

నిజమే. లెక్కల్లో అది నాకంటే గట్టిది.

"అయితే అసలు లెక్కే వద్దు."

"మరి ఎన్ని వేశానో నీకెలా చెప్పను?"

ఏడు నెలలుగా నేను అడగలేదు. అది మాత్రం ఇంకా నాకు అప్పజెప్పడానికే ఎగురుతోంది.

"నాకు చెప్పక్కర్లేదమ్మా."

"చెప్పకపోయినా కింద లెక్కపెడతావుగా. నేను మొదలుపెట్టగానే నీ మిషన్ ఆగిపోతుంది. నాకు తెలుస్తుంది."

మంచినీళ్లు అక్కడే పెట్టి దిగొచ్చేశాను.

నిన్న సాయంత్రం మళ్లీ తాడు నేలను తాకింది. ఆ చప్పుడంటే ఇప్పుడు చెవి కోసుకుంటాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాని దగ్గర పళ్లు బిగించి పెడల్ తొక్కాను. మోతలో పైన చప్పుడు మునిగిపోయింది. చెమటలు పట్టాయి, పిక్కలు పీకాయి, అయినా తొక్కాను. ఆపితే వినపడుతుంది. వినపడితే లెక్కపెడతాను.

పక్క మిషన్ చెల్లెలు తన పని ఆపి నా వైపు చూసింది.

"అక్కా, సూది కింద గుడ్డే లేదు."

"తెలుసు" అన్నాను. "నువ్వు ఆపకు, నువ్వూ తొక్కు."