షంషున్నీసా కుట్టిన గుండె

షంషున్నీసా జాకెట్ చంకకుట్టు ముగించి, దారం కొరికి, నిలువునా మడతపెట్టింది. ఎడమ భుజం మీద కుడి భుజం అచ్చంగా కూర్చుంది. అయినా తృప్తి లేక వెలుతురుకు పట్టి చూసింది. నూలుపోగంత తేడా వచ్చినా కుట్లు విప్పేసే మనిషి ఆమె. ఆలస్యమవుతోందని ఆడవాళ్లు ఎంత గొణిగినా, నకిరేకల్‌లో జాకెట్ అంటే ఆమె దగ్గరికే వస్తారు.

గది చిన్నది. మిషన్ పట్టగా మిగిలిన జాగాలో ఆమె పట్టాలి. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి సరిపోయింది. మెడలో టేపు, చెవికి విరిగిన కళ్లద్దాల కాడ, దానికి చుట్టిన నల్లదారం. గదికి ఒక పక్క గోడే లేదు, అటువైపు మొగుడు నూరుద్దీన్ పంచర్ల కొట్టు. ఇద్దరివీ తాతల నాడు దూది ఏకిన కుటుంబాలు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన గాలి కొడుతున్నాడు, ఈమె మిషన్ తొక్కుతోంది. ఇద్దరికీ ఇంకో పని తోచలేదు, తోచాలని అనుకోనూ లేదు.

ఆమెకు ఉన్నదల్లా ఒకే ఒక్క ఆశ. ఇన్నేళ్ల ఆమె పనితనమంతా కొంగుల కిందే దాగిపోయింది. తను కుట్టింది ఏదైనా ఒక్కసారి నలుగురూ నిలబడి చూస్తే బాగుండును. ఆ ఆశకు ఈమధ్యే దారి దొరికింది. ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పే ఎస్తేరు టీచర్ గుడ్డతో గుండె కుట్టమని అడిగింది. దాన్ని ఇవాళ మధ్యాహ్నం నల్లగొండ సైన్స్ ప్రదర్శనకు తీసుకుపోతారు.

గుండె నీళ్లబిందెంత ఉంది. పైన ఎర్రటి సాటిన్, లోపల నాలుగు గదులు. పై రెండు పలుచటి వాయిల్ సంచులు. కింది రెండింటికీ లోపల ఎలాస్టిక్ వరసలు. రక్తమని చెప్పి గుడ్డబంతి పై గదిలో వేస్తే, అది తలుపులాంటి పేలికను తోసుకుని కిందికి జారుతుంది. కింది గదిని సాగదీసి వదిలితే అది చటుక్కున ముడుచుకుని బంతిని బయటికి విసురుతుంది. ఎడమ గోడ మందంగా, కుడి గోడ పలుచగా ఉండాలని టీచర్ బొమ్మ గీసి మరీ చెప్పింది. కానీ షంషున్నీసా చేతులు వింటేగా! టీచరే ఒక పక్కను మరిచిపోయి ఉంటుందిలే పాపమని, రెండు పక్కలా ఎలాస్టిక్ దట్టించేసింది.

ఎస్తేరు వచ్చి గుండెను దూలానికి వేలాడదీసింది. పక్కన ఊపిరితిత్తులని రెండు సంచులు కట్టింది. పంచర్ల కొట్టు అవతలి మూలన, శరీరమని చెప్పి బుట్ట పెట్టింది. కుడి గదిని సాగదీసి వదిలింది. బంతి ఊపిరితిత్తులను దాటి, గోడ లేని పక్కనుంచి పోయి, నూరుద్దీన్ ట్యూబులు ముంచే నీళ్లతొట్టిలో పడింది. ఆయన ముఖమంతా నీళ్లు. ఎస్తేరు పొట్ట పట్టుకుని నవ్వింది.

"అక్కా, ఊపిరితిత్తులు పక్కింట్లనే ఉన్నయి. గా మాత్రం దూరానికి గింత జోరెందుకు? ఎడమ గది కాలిగోరు దాకా పంపాలె. గందుకే దానికి మందం. పై గదులకైతే కిందికి జారవిడుసుడే పని, గట్ల పలుచగుంటే చాలు."

షంషున్నీసాకు నవ్వు రాలేదు. ఒక పక్క బక్కగా, ఒక పక్క బలంగా ఉన్నదాన్ని నలుగురూ చూస్తే ఏమంటారు? ఇన్నాళ్లకు వచ్చిన ఒక్క అవకాశంలో పేరు పోవాలా?

"తేడాగ కుడితే తప్పు కుట్టినట్టే గద, టీచరమ్మా?"

రెండు గదుల్లో పట్టే రక్తం సమానమేననీ, పనులే వేరనీ ఎస్తేరు నచ్చజెప్పింది. షంషున్నీసా కత్తెర పట్టుకుని కూర్చుందే గానీ కుట్టు విప్పలేదు. అప్పుడు నూరుద్దీన్ తడిబంతి తెచ్చి మిషన్ మీద పెట్టాడు. రెండు చేతులూ ఆమె ముందు చాచాడు. గాలి కొట్టీ కొట్టీ కుడిచేయి రోకలిలా ఉంది.

"నువ్వు కుట్టిన ప్రతి అంగీల గీ చెయ్యి పట్టేస్తది," అన్నాడు మెల్లగా.

షంషున్నీసా నిర్ఘాంతపోయింది. నిజమే, కొలత తీసేటప్పుడు ఆయన కుడిచేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది. ఖాళీగా ఉన్న ఎడమచేతినే కొలిచి, రెంటికీ అదే కత్తిరించేది.

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేంది?"

"మడతవెట్టి చూసుకొని మురుస్తుంటివి. ఎట్ల జెప్పాలె?"

ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, చివరికి నవ్వే గెలిచింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, గుండె కుడి గదిని తిప్పి పట్టుకుని టకటకా ఎలాస్టిక్ విప్పేసింది. మళ్లీ వేలాడదీశారు. ఈసారి కుడివైపు బంతి పక్క సంచిలో బుద్ధిగా పడింది. ఎడమవైపు బంతి కొట్టు అవతలి మూలదాకా పోయి బుట్టలో దూకింది. ఎస్తేరు చప్పట్లు కొట్టింది. తన చేతి పనికి ఎవరైనా చప్పట్లు కొట్టడం షంషున్నీసా వినడం అదే మొదటిసారి. ఆమెకు పట్టరాని సంతోషమేసింది.

నల్లగొండకు మాట్లాడిన ఆటో ఇంకా రాలేదు. ఊరికే కూర్చోలేక మొగుడి ఒంటి మీది అంగీ విప్పించింది. కుడిచేయి కుట్లు ఊడదీసి, చంకలో వెడల్పాటి ముక్క అతకడం మొదలుపెట్టింది. సగంలో ఉండగానే ఆటో హారన్ వినిపించింది.

అక్కడ ఎలాస్టిక్ తెగితే ఎవరు కుడతారు, నువ్వూ రావాలని ఎస్తేరు పట్టుబట్టింది. పనిరోజున మిషన్ వదిలి షంషున్నీసా ఎన్నడూ ఎక్కడికీ పోలేదు. మొగుడి వైపు చూసింది.

"పో," అన్నాడు నూరుద్దీన్, బనీను సర్దుకుంటూ. "నలుగురు జూస్తుంటే నువ్వు గూడ జూడు."

ఆమె సూదీదారం కొంగున ముడేసుకుని, గుండెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. ఆటో మలుపు తిరిగిపోయింది. నూరుద్దీన్ బనీనుతోనే ఎవరిదో స్కూటర్‌కు గాలి కొట్టి, ముఖం తుడుచుకోవడానికి అంగీ కోసం మిషన్ వైపు చూశాడు.

అంగీ మిషన్ పాదం కిందే ఉంది. కుడిచేయి వెడల్పుగా తెరుచుకుని, కొత్తముక్క సగం అతుక్కుని, కుట్టు ఆగిన చోట సూది దిగి ఉంది.