పెరటి కోచ్

దయాకర్ ట్రోఫీల బీరువా అద్దాన్ని పిడికిలితో పగలగొట్టాడని తెలిసినప్పుడు నాచారంలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. అతను అంతసేపు ఆగాడే అని ఆశ్చర్యపోయారు, అంతే. ఆ బీరువాలోని కప్పులన్నీ పదకొండేళ్లుగా నాచారం ఫైటర్స్ జట్టును కోచ్‌గా గెలిపించి అతను తెచ్చిపెట్టినవే. జట్టు యజమాని చలపతిరావు భీమవరం వైపు నుంచి వచ్చి ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీ పెట్టుకున్న మనిషి. పెద్ద లీగులో అడుగుపెట్టే ముందు జట్టుకు ఒక స్థాయి రావాలనిపించి, పోర్చుగల్ నుంచి రికార్దో అనే కోచ్‌ను పిలిపించాడు.

"మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు దయాకర్ గారూ. అసిస్టెంటుగా ఉండండి. ఆయన చెప్పింది మన కుర్రాళ్లకు తెలుగులో చెబితే చాలు," అన్నాడు.

అద్దం పగిలింది అప్పుడే. చేతికి ఏడు కుట్లు పడ్డాయి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ సంగతి చెట్టుకు తెలియదు కాబట్టి దానికి నొప్పి లేదు. దయాకర్‌కు తెలుసు. ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం ఒక్కటే అనుకునే జనం మధ్య, షిఫ్టు దిగి వచ్చే పిల్లలను పోగుచేసి, రాళ్ల గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ నేర్పింది అతను. ఒక తెల్లమనిషి లాప్‌టాప్ పట్టుకుని దిగేసరికి ఆ పదకొండేళ్లూ గాలికి పోయాయి. పోనీ ఆ రికార్దో పని రానివాడా అంటే అదీ కాదు. మర్యాదస్తుడు, ఆట క్షుణ్ణంగా తెలిసినవాడు. దయాకర్ కడుపుమంటకు అది ఇంకో కట్టె.

అతనికి కావలసింది ఒక్కటే, ఫైటర్స్ హెడ్ కోచ్ కుర్చీ. బతిమాలితే అది రాదు, ఓడిస్తే వస్తుంది. అందుకని పోయి పోయి చిల్కానగర్ జట్టుకు కోచ్‌గా చేరాడు. పగలంతా మూటలు మోసేవాళ్లు, బండ్ల మీద పార్సిళ్లు తిప్పేవాళ్లు ఉన్న జట్టది. దాని కెప్టెన్ ఉప్పలయ్య ఒక ఫంక్షన్ హాల్లో బౌన్సర్. అంతెత్తు మనిషి, డిఫెండర్‌గా గోలు ముందర గోడలాగా నిలబడేవాడు.

"బాల్ పోతే పోనియ్యి. మనిషిని మాత్రం పోనియ్యకు," అని వాళ్లకు నేర్పాడు దయాకర్. పడ్డవాణ్ణి లేపి మళ్లీ తోశాడు. ఏడ్చినవాణ్ణి చెంప మీద కొట్టాడు. ఫైటర్స్ పిల్లల మీద ఏనాడూ చేయి చేసుకోని మనిషి అతను. ఒళ్లు హూనమైనా చిల్కానగర్ వాళ్లు గెలవడం మొదలుపెట్టారు, గెలిచి గెలిచి లీగ్ ఫైనల్‌కు వచ్చారు. అవతల ఫైటర్స్.

ఫైటర్స్‌కు గోళ్లు, కోరలు అన్నీ బాలరాజే. పన్నెండేళ్లప్పుడు చెప్పుల్లేకుండా వచ్చి దయాకర్ దగ్గర ఆట మొదలుపెట్టిన పిల్లవాడు, ఇప్పుడు ఇరవై రెండేళ్ల ఫార్వర్డ్. బుధవారం రాష్ట్ర జట్టు సెలెక్షన్ ఉంది. మూడేళ్ల కింద అతని ఎడమ చీలమండ మెలితిరిగి ఉబ్బిపోయింది. యజమానికి తెలిస్తే జట్టులోంచి తీసేస్తాడని దయాకర్ ఆ గాయాన్ని దాచాడు. రోజూ పొద్దున్నే తన ఇంటికి రప్పించి, ఆముదంతో ఒత్తి, పసుపూ సున్నమూ కలిపి పట్టు వేశాడు. కాలు ఆటకు వచ్చింది గానీ ఆ కీలు మళ్లీ మునుపటంత గట్టిపడలేదు. ఎగిరినప్పుడల్లా బాలరాజు కుడికాలి మీదే దిగుతాడు. అన్నీ కొలిచే రికార్దోకు కూడా ఆ సంగతి తెలియదు, బాలరాజు చెప్పలేదు కనుక. మన పిల్లల తీరే అంత. నొప్పి ఉందంటే బయట కూర్చోబెడతారని దొరకు చెప్పరు, దాచిపెట్టే అన్నకు చెబుతారు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆట మొదలైంది. మూడో నిమిషానికే ఉప్పలయ్య మోచేయి ఒకడి ముక్కు పగలగొట్టింది. పదో నిమిషంలో ఫైటర్స్ గోల్ కీపర్ పిడికిలి చిల్కానగర్ వాడి పెదవి చీల్చింది. రిఫరీ జేబులోంచి కార్డు తీయడం, చుట్టూ పదిమంది మూగి అతని చొక్కా లాగడం, ఇదే తంతు. ఎర్రమట్టిలో నెత్తురు ఎక్కడ పడిందో కూడా తెలియలేదు. ఆ కొట్లాట మధ్యలోంచి పాము జారినట్టు జారి, విరామానికి ముందు బాలరాజు గోలు కొట్టాడు. కొట్టి, అలవాటు చొప్పున దయాకర్ వైపు చూసి నవ్వాడు. ఎదుటి జట్టు కోచ్ అన్న మాటే మరిచిపోయాడు వెర్రివాడు.

విరామంలో లోకల్ చానెల్ వాళ్లు రికార్దో చుట్టూ చేరారు. చలపతిరావు మంచినీళ్ల సీసాతో ఇటు వచ్చాడు.

"ఏమీ అనుకోకండి దయాకర్ గారూ. మనవాళ్లకు గుండె ఉంటుంది, బుర్ర ఉండదు. తేడా చూశారుగా," అన్నాడు. ఆ మనిషి ఎగతాళి కూడా చేయలేదు. నిజంగానే ఓదార్చాడు.

తిట్టి ఉంటే దయాకర్ తట్టుకునేవాడేమో. ఆ ఓదార్పు అతని ఒళ్లంతా కాల్చింది. ఉప్పలయ్య మెడ పట్టి దగ్గరకు లాక్కున్నాడు.

"బాలరాజుగాని ఎడమ కాలు. గిలక కాడ. ఎగిరి దిగేటప్పుడు కొట్టు."

ఉప్పలయ్య లాంటివాడే ఒక క్షణం వెనక్కి తగ్గాడు. "అన్నా, వాడు నీ పోరడు గదనే."

"చెప్పింది జెయ్యి."

ఇంటిగుట్టు లంకకు చేటు అన్నది ఊరికే పుట్టిన మాట కాదు. విరామం అయిపోయిన పావుగంటకు బంతి గాల్లోకి లేచింది, బాలరాజు దాని కోసం ఎగిరాడు. ఉప్పలయ్య బంతి వైపు చూడనే లేదు. పరుగున వచ్చి, రెండు కాళ్లూ ముందుకు చాచి, దిగుతున్న ఎడమ చీలమండ మీద పడ్డాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు మెట్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినిపించింది.

ఆ తర్వాత ఆట లేదు. ఫైటర్స్ వాళ్లంతా ఉప్పలయ్య మీద పడ్డారు. అతను ఇద్దరిని ఎత్తి అవతల పడేశాడు, మూడోవాడు అతని చెవి కొరికాడు. జనం గ్రౌండ్‌లోకి దిగి జెండా కర్రలతో కనిపించినవాణ్ణల్లా బాదారు. ప్లాస్టిక్ కుర్చీలు గాల్లో ఎగిరాయి. రిఫరీ గోల్ పోస్ట్ వెనకకు పరుగెత్తాడు. దయాకర్‌కు కనుబొమ మీద రాయి తగిలి ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. అతను ఒంటి కంటితోనే బాలరాజు పడ్డచోటు వెతికాడు. గెలిచానా ఓడానా అన్నది అతనికి గుర్తు రాలేదు. ఏం చేశానురా నేను అన్న భయం ఒక్కటే మిగిలింది.

ఆ కర్రల మధ్యలోంచి దెబ్బలు తింటూ రికార్దో వచ్చాడు. చొక్కా చిరిగింది, చెంప వాచింది. "హి వాంట్స్ యూ. ఓన్లీ యూ. ప్లీజ్," అంటూ దయాకర్ చేయి పట్టుకున్నాడు.

బాలరాజు క్లబ్ ఫిజియోను ముట్టుకోనివ్వడం లేదు. "దయాకరన్నను పిల్వున్రి! ఆయన తప్ప ఎవ్వలు పట్టొద్దు!" అని అరుస్తున్నాడు. పాదం పక్కకు తిరిగిపోయి ఉంది. దయాకర్ మోకాళ్ల మీద కూలబడి, మడమ కింద ఒక చేయి, పైన ఒక చేయి వేసి కాలు కదలకుండా పట్టుకున్నాడు. వేళ్ల కింద ఎముక ముక్కలు తగిలాయి.

"మంచిగైతది గదన్నా? బుధవారం సెలెక్షన్ ఉన్నది."

దయాకర్ మడమ కింద పట్టు సరిచేసుకున్నాడు.

"ఉప్పలన్నను ఏమనకు. కావాల్నని కొట్టలే. బాల్ కోసమే వచ్చిండు," అన్నాడు బాలరాజు, పళ్లు కరుచుకుని.

వెనక నుంచి చలపతిరావు రొప్పుతూ వచ్చి దయాకర్ భుజం మీద చేయి వేశాడు. "ఇంతమంది ఉండగా మిమ్మల్నే పిలిచాడు చూశారా! నేనే మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను. వచ్చే సీజన్ మీరే హెడ్ కోచ్. ఇదే నా మాట."

ఏడాదిగా దయాకర్ నిద్రలో కూడా విన్న మాట అది. చేతులు కదిలితే పిల్లవాడి కాలు కదులుతుందని బలవంతాన బిగబట్టాడు.

"నేనే చెప్పిన బాలరాజూ," అన్నాడు. "ఎడమ గిలక మీద కొట్టుమని ఉప్పలయ్యకు నేనే చెప్పిన."

బాలరాజు మొదట నవ్వబోయాడు. అన్న మొహంలోకి చూశాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. కుడికాలు లేచి దయాకర్ నోటి మీద తగిలింది, బూటు కింది బొడిపెలతో సహా. రెండు పళ్లు ఊడాయి. దయాకర్ కదలలేదు. కదిలితే ఎడమ పాదం జారిపోతుంది. మళ్లీ తన్నాడు, గడ్డం చీలింది. మళ్లీ తన్నాడు. పక్కనున్నవాళ్లు ఆపబోతే దయాకర్ తల అడ్డంగా ఊపాడు. తన్నీ తన్నీ బాలరాజుకే ఆయాసం వచ్చి ఏడుపు తన్నుకొచ్చింది.

అంబులెన్సు గ్రౌండ్‌లోకి వచ్చింది. స్ట్రెచర్ ఎత్తుతుంటే దయాకర్ కాలు పట్టుకునే లేచాడు.

"ఈయనను బండి ఎక్కనియ్యకున్రి," అన్నాడు బాలరాజు.

దయాకర్ రికార్దోను దగ్గరకు పిలిచాడు. పగిలిన నోటికి ఇంగ్లీషు రాలేదు. ఆ దొర చేతివేళ్లను ఒక్కొక్కటిగా పట్టి, మడమ కింద ఎక్కడ ఉండాలో, పైన ఎంత బిగువు ఉండాలో చూపించాడు. రికార్దో తల ఊపి, చూపించింది చూపించినట్టు పట్టుకున్నాడు. అప్పుడు దయాకర్ తన చేతులు తీసేశాడు.

అంబులెన్సు తలుపు వేస్తుండగా లోపల్నుంచి బాలరాజు గొంతు వినిపించింది. తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషితో అంటున్నాడు:

"జర మెల్లగ పట్టుకో అన్నా."